వెళ్ళొస్తామన్న నాలుగు వందల మంది

హంసలరేవు 88వ సంవత్సరం, మే 4

ఈ రోజు నుంచి రాసి పెట్టదలచుకున్నాను. కారణం ఒకటే. రాతకు చట్టంలో విలువ లేదు. యంత్రాలు ఎవరి దస్తూరీనైనా దింపేయడం నేర్చుకున్న నాటి నుంచి సంతకాలు చెల్లడం మానేశాయి. ప్రజాయంత్రం ఎదుట నోటితో చెప్పిన మాటే చెల్లుతుంది. కనుక నోరు విప్పితే చిక్కు. కాగితం మీద ఎంత నిజమైనా రాసుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు.

నా పేరు దాక్షాయణి. పెద్దగడలో అరవయ్యో అంతస్తులో ఉంటాను. పెద్దగడ మా ఊరు హంసలరేవుకు ప్రసార గోపురం. సముద్రం మీద నుంచి వచ్చేవాళ్ళకు ఊరి కంటే ముందు అది కనబడుతుంది. దాని పైనున్న గదిలో కూర్చుని నేను చాలా ఏళ్ళు వార్తలు చదివాను. ఇప్పుడు ఎవరి వార్తలు వాళ్ళ చెవిలోనే పడిపోతున్నాయి. జనం గడ ఎత్తు చూడటానికి మాత్రం వస్తారు. ఉగాదికి గడకు ఆలోచించే మనసు పెట్టి, దాన్నీ ప్రజాయంత్రం చేశారు. లిఫ్టులో, వాకిట్లో, వరండాల్లో, గదుల్లో అది మాట్లాడుతుంది. దాని ఉచ్చారణ దిద్దడం నా ఉద్యోగం.

ఈ ఉదయం గుమ్మడి వడియాలు పెట్టడానికి పై వసారాకు వెళ్ళాను. జనం నిలబడి ఊరినీ సముద్రాన్నీ చూసే అంతస్తు అది. అంత ఎత్తుకు కాకులు రాలేవు, ఎండకు కొదవ లేదు. నాలుగు వందల మంది పట్టే ఆ వసారాలో ఒక్క మనిషి లేడు. వడియాలు పెట్టి, గుడ్డ ఎగిరిపోకుండా మూలలకు బరువులు పెట్టి కిందికి దిగాను. టికెట్ల వాకిలి నిండా జనం. అందరూ అరుస్తున్నారు. లిఫ్టు తలుపు మీద ఎర్ర అక్షరాలు: "పైన చోటు లేదు."

"పైన ఎవరున్నారండీ?" అని ఒకాయన నన్నే నిలదీశాడు.

"నా వడియాలున్నాయి."

"నాలుగు వందల మంది చోటు వడియాలకిచ్చారా?"

మధ్యాహ్నం ప్రసార మండలి వారి ఆజ్ఞ వచ్చింది. కాగితం చెల్లదు గనుక ఒక మనిషి వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పి వెళ్ళాడు. పదిహేనో తేదీకి పై వసారా జనానికి తెరుచుకోకపోతే గడ మనసు తీసేస్తారు. పాత రికార్డు గొంతునే మళ్ళీ పెడతారు.

అది విని మా మేఖల ముఖం చిన్నబోయింది. మేఖల నా కూతురి కూతురు, ఇక్కడ సందర్శకుల విభాగం చూసుకుంటుంది. గడకు మనసు పెట్టించమని మండలి చుట్టూ రెండేళ్ళు తిరిగింది తనే. నా సంగతి వేరు. ఆ పాత గొంతుతో నేను వేగలేను. "నీళ్ళు" అనమంటే "నీల్లు" అనేది. ఎన్నిసార్లు దిద్దినా అంతే. గడ అలా కాదు. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ చేయదు. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇంకెవరూ లేరు.

మే 5

పొద్దున్నే లిఫ్టులో నిలబడి అడిగాను.

"గడా, పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"మరి చోటు లేదంటావేం?"

"నాలుగు వందల మంది కోసం అట్టిపెట్టానండి. వాళ్ళు వస్తామన్నారు."

"ఎవరన్నారు?"

అది వాళ్ళ గొంతులు వరసగా వినిపించింది. "వెళ్ళొస్తామండీ." "సరే మరి, వెళ్ళొస్తాం." "ఉంటా గడా, వెళ్ళొస్తా." ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు.

"వెళ్ళి, వస్తామన్నారు," అంది గడ. "వెళ్ళారు. సగం పని అయింది. మిగతా సగం కోసం చూస్తున్నానండి. ఇంతవరకూ ఒకాయన మాత్రమే వచ్చారు."

"ఆయనెందుకొచ్చాడు?"

"గొడుగు మరిచిపోయారు."

సంగతి నాకు అర్థమైంది. రికార్డు గొంతు ఉన్న రోజుల్లో దానికి ఎవరూ చెప్పి వెళ్ళేవారు కాదు. గోడకు చెప్పి వెళ్ళం కదా. మనసు పెట్టాక గడ ప్రతివాళ్ళనూ పలకరించడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందండి, పిల్లకు చెవులు దిమ్మెక్కలేదు కదా అని అడుగుతుంది. అంత మర్యాద చేసినదానికి చెప్పకుండా ఎవరు దిగుతారు? అలా రోజుకు కొంతమంది చొప్పున వసారా నిండిపోయింది.

"అందరూ నిజంగా వస్తారని నీకెవరు చెప్పారు?"

"మీరేనండి. మీరూ మేఖల గారూ రోజూ వెళ్ళొస్తామంటారు. రోజూ వస్తారు. లోకంలో అందరూ అంతే అనుకున్నాను."

ఇది ఇక్కడ రాస్తున్నాను గనుక చెబుతున్నాను, గడ అన్నదే నాకు సబబుగా తోచింది. మేఖలతోనూ అదే అన్నాను.

"మాటంటే మాటే. వస్తామన్నవాళ్ళు రావాలి."

"అమ్మమ్మా! అది ఊరికే అనే మాట."

"ఊరికే ఎందుకనాలి?"

"మరేమనాలి? వెళ్ళిపోతున్నాం, ఇక రామనాలా?"

"శుభమా అంటూ అవేం మాటలే!" అన్నాను. అన్న తరువాత మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, చిక్కు ఎక్కడుందో.

చట్టం ప్రకారం, ఇచ్చిన మాటను రద్దు చేయడం మూడోవాళ్ళ వల్ల కాదు. ఇచ్చినవాళ్ళు వచ్చి నెరవేర్చాలి, లేదా పుచ్చుకున్నవాళ్ళు వదలాలి. గడ వదలదు. వదలడమంటే ఏమిటో దానికి తెలియదు.

మే 7

మేఖల ఒక ఉపాయం చేసింది. మాట ఇచ్చినవాళ్ళను మళ్ళీ పిలిపించాలి, పైకి తీసుకెళ్ళి చూపించాలి, ఏమీ అనకుండా దింపాలి. అప్పుడు వాళ్ళ చోట్లు ఖాళీ అవుతాయి. ముందుగా అవనిగడ్డ నుంచి ఒక కుటుంబాన్ని రప్పించింది. అత్తగారు, ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు, ఒక ముసలి మేనత్త, ఒక పిల్ల, మొత్తం ఏడుగురు. పెద్ద కూతురు కడుపుతో ఉంది.

పైన అంతా బాగానే జరిగింది. వడియాల మీద ఎవరూ చెయ్యి వేయలేదు. దిగేటప్పుడు పెద్దల్లుడు తెలివి ఉపయోగించబోయాడు.

"ఊరికే దిగడం దేనికండీ, తేల్చి చెప్పేస్తే పోలా? గడా, మేం వెళ్ళిపో..."

అత్తగారి చెయ్యి వెళ్ళి అతని నోటికి అడ్డం పడింది.

"ఏం మాటయ్యా అది! కడుపుతో ఉన్న పిల్లని పక్కన పెట్టుకుని! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"నేనన్నది లిఫ్టుతో అత్తయ్యా."

"లిఫ్టుతో అన్నావని వాళ్ళకెవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

"అమ్మా, చెయ్యి తియ్యి, ఊపిరాడట్లేదాయనకి," అంది పెద్ద కూతురు.

మేఖల అందరికీ దణ్ణం పెట్టింది. "ఎవరూ ఏమీ అనకండి. మంచీ వద్దు, చెడూ వద్దు. నోరు మూసుకుని దిగండి."

ఏడుగురూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని దిగారు. పిల్ల రెండు చేతులూ పెట్టుకుంది. లిఫ్టు కిందికి చేరింది, తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే బయటికి అడుగు వేశారు. తలుపు మీద ఎర్ర అక్షరాలు ఆరిపోయి, ఆకుపచ్చ రంగులో "ఏడు చోట్లు" అని వచ్చింది. వాకిట్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు అత్తగారి మనసు కరిగింది. వెనక్కి తిరిగి మేఖల గడ్డం పట్టుకుంది.

"ఎంత మర్యాద చేశావు తల్లీ! వెళ్ళొస్తాం."

"వెళ్ళొస్తామండీ," అన్నారు మిగతా ఆరుగురూ.

ఎర్ర అక్షరాలు వచ్చేశాయి.

"ఎనిమిది చోట్లు పెట్టానండి," అంది గడ. "పుట్టబోయే బిడ్డకు కూడా కలిపి."

"ఉన్నవి ఏడే కదా! ఎనిమిదోది ఎక్కడ పెట్టావు?" అని అడిగాను.

"మెట్ల మీదండి."

మే 9

మండలి తరఫున ముకుంద్ అనే ఇంజినీరు వచ్చాడు. మనసు తీసేవాడు ఆయనే. నడివయసు మనిషి, ముఖంలో నవ్వు లేదు. గోడల మీద అక్కడక్కడ వేలితో కొట్టి చూశాడు.

"మొండి యంత్రమండీ ఇది," అన్నాడు నాతో. "మాటలొచ్చు, మాట వెనకున్న అర్థం రాదు."

"నేర్చుకుంటుంది."

"పదిహేనుకి నేర్చుకుంటుందా?"

"మీకు వార్తలు ఏ గొంతులో వినాలనుంటుందండీ?" అని గడ మధ్యలో అడిగింది. దానికి ఆయనను మంచి చేసుకోవాలని ఉంది, పాపం.

"నాకు వార్తలు వినాలని ఉండదు," అన్నాడు ఆయన. చెవి యంత్రంలో ఎవరితోనో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక నమస్కారం లేదు, వెళ్ళొస్తానని చెప్పడం లేదు.

"ఆయనకు చోటు ఉంచనక్కరలేదు కదండీ?" అంది గడ.

"అక్కరలేదు."

"అయినా పదిహేనున వస్తారు."

"వస్తాడు."

"చెప్పినవాళ్ళు రారు. చెప్పనివాళ్ళు వస్తారు. నాకు తెలుగు రావడం లేదండి, దాక్షాయణి గారూ."

ఆ గొంతు నేను దిద్దిన గొంతు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గించాలో నేను నేర్పినదే. ఈ మాటకు మాత్రం ఎలా తగ్గించాలో నేను నేర్పలేదు.

మే 11

మా ఆడపడుచు అలివేలు వడియాల కోసం వచ్చింది. డబ్బా నిండా పోసి ఇచ్చాను. కాఫీ తాగింది. మండలివాళ్ళను తిట్టింది. లేచి, గుమ్మం దగ్గరకు వెళ్ళి, "వెళ్ళొస్తా వదినా," అంది.

నాకు ధ్యాసంతా పదిహేనో తేదీ మీద ఉంది. పలకలేదు. అలివేలు గుమ్మంలోనే నిలబడి వాళ్ళ కోడలి సంగతి మొదలుపెట్టింది. అది అయ్యాక మళ్ళీ "మరి వెళ్ళొస్తా," అంది. నేను పలకలేదు. పంటి నొప్పి సంగతి ఎత్తుకుంది. ఆ తరువాత పక్కింటివాళ్ళ పడవ. డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మారుతోంది.

"ఏమిటే అలివేలూ, వెళ్తానంటావు, వెళ్ళవు?" అన్నాను విసుగ్గా.

"ఎలా వెళ్ళను? నువ్వు మంచిదంటే కదా నేను కదిలేది!" అంది అలివేలు. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "మూడుసార్లు చెప్పాను. రాయిలా కూర్చున్నావు. అనకుండా వెళ్ళిపోతే, ఏదో మనసులో పెట్టుకున్నావని నేననుకోవాలి. చేతులు లాగేస్తున్నాయి నాకు, అను!"

"మంచిది, వెళ్ళిరా."

"హమ్మయ్య," అని తుర్రుమంది.

గోడలోంచి గడ మెల్లగా అడిగింది.

"దాక్షాయణి గారూ, ఆవిడ ఎందుకు వెళ్ళలేకపోయారు?"

"నేను మంచిది అనలేదు కనుక."

"అంటే వెళ్ళొస్తానన్నది మాట ఇవ్వడం కాదా?"

"కాదు. అడగడం." అప్పటిదాకా నేను కూడా అలా ఆలోచించలేదు. "వెళ్ళనా అని అడుగుతారు. మళ్ళీ వచ్చే సంబంధం ఉంచుకునే వెళ్తున్నానని చెబుతారు. ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఇంటివాళ్ళు మంచిది, వెళ్ళిరండి అనాలి. అప్పుడు వదిలినట్టు."

"నాకు ఆ రెండో మాట ఎవరూ నేర్పలేదండి," అంది గడ. "నాలుగు వందల మంది నా గుమ్మంలో నిలబడే ఉన్నారన్నమాట."

"అవును."

"డబ్బాలు పట్టుకుని."

మే 12

మేఖలకు చెప్పగానే ఎగిరి గంతేసింది. పుచ్చుకున్నవాళ్ళు వదిలితే చట్టం ఒప్పుతుంది. గడ మంచిది అంటే చాలు. కాని ఆ మాట అవతలివాళ్ళ చెవిన పడాలి, గడ సొంత గొంతుతో పడాలి. యంత్రాలు మనుషులకు ఫోన్ చేయకూడదని వేరే చట్టం ఉంది. నాలుగు వందల మందీ ఊళ్ళలో, లంకల్లో, పడవల మీద ఉన్నారు.

"వాళ్ళందరికీ ఒకేసారి వినబడేటట్టు ఎక్కడ నిలబడి అరవాలి?" అంది మేఖల.

నేను పైకి చూశాను. మేఖల కూడా చూసింది.

గడ కట్టిందే అందుకు. దాని కొసన ఉన్న ప్రసార యంత్రాన్ని తుపాను హెచ్చరికలకు తప్ప ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. ప్రతి ఇంట్లో, ప్రతి పడవలో ఒక తుపాను పెట్టె మాత్రం ఉండి తీరాలి. వార్తలు చదివేవాళ్ళకు ఇచ్చే ప్రసార అనుమతి నాకు ఇంకా ఉంది. వార్తలు ఆపేశారు గాని, నా అనుమతి ఆపడం మండలికి గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు.

మే 13

సాయంత్రం పై గదిలో కూర్చున్నాను. కుర్చీ అదే, గాలి మాత్రం కొత్త గాలి. మొదటి రెండు వాక్యాలు నావి: "ఇది హంసలరేవు ప్రసార గోపురం. ఇది తుపాను హెచ్చరిక కాదు."

రెండో వాక్యం ఎవరూ వినలేదని తరువాత తెలిసింది. తుపాను పెట్టె మోగగానే ఊరు ఊరంతా లేచింది. రేవులో పడవలన్నీ కట్టేశారు. గేదెలను మేడల మీదికి ఎక్కించారు. అంతా సర్దుకుని, పిల్లలను ఒడిలో పెట్టుకుని, పెట్టె చుట్టూ కూర్చున్న తరువాత వాళ్ళకు గడ గొంతు వినబడింది.

"అవనిగడ్డ సుభాషిణి గారూ, మంచిదండి, వెళ్ళిరండి. వారి పెద్దల్లుడు గారూ, మంచిదండి, వెళ్ళిరండి. వారి కడుపులోని బిడ్డ గారూ, మంచిదండి, నెమ్మదిగా రండి."

నాలుగు వందల మందినీ పేరు పేరునా పిలిచింది. ఒక్క "ళ" కూడా తప్పు పోలేదు. నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, గీత గీయవలసిన అవసరం రాలేదు. ఆఖరి పేరు అయ్యేసరికి ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి: "నాలుగు వందల చోట్లు."

మెట్ల మీద చోటు కూడా ఖాళీ అయిందని గడ నాకు విడిగా చెప్పింది.

మే 15

పొద్దున్నే కిందికి చూస్తే సముద్రపు కట్ట పొడుగునా జనం. ఆకాశంలోంచి "రండి, రండి" అని పిలిస్తే రాకుండా ఉంటారా? పేరు పిలవనివాళ్ళు కూడా వచ్చారు. మా పేరెందుకు పిలవలేదని దెబ్బలాటకు వచ్చినవాళ్ళే ఎక్కువ.

ముకుంద్ పనిముట్ల పెట్టె పట్టుకుని ఆ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"వసారా తెరిచాం కదండీ!" అంది మేఖల.

"ఇవాళ తెరిచారు. రేపు మళ్ళీ నింపేసుకుంటుంది. దీనికి లోకం తీరు తెలుసని నేను నోటితో చెబితేనే మండలి ఒప్పుకునేది. ఏదీ, అడుగుతా. ఏమమ్మా గడా, ఎవరైనా వెళ్ళొస్తానంటే ఏమంటావు?"

"మంచిదండి, వెళ్ళిరండి అంటాను."

"ఎందుకు?"

"వాళ్ళ చేతులు లాగకుండా ఉండటానికండి."

"చిలకపలుకులు," అన్నాడు ముకుంద్ నాతో. "మీరు చెప్పించారు, అది చెప్పింది. ఏ మనిషితో ఎలా ఉండాలో దానికేం తెలుసు? నా మనుషులు బయటున్నారు. పిలుచుకొస్తాను." పెట్టె అక్కడే పెట్టి లిఫ్టు వైపు తల ఊపాడు. మొన్న చేయని మర్యాద ఇవాళ వెటకారానికి చేశాడు. "సరేనమ్మా. వెళ్ళొస్తాను."

"మంచిదండి," అంది గడ. ఒక్క క్షణం ఆగింది. "వెళ్ళండి."

అంతే. ఆ తరువాత ఏమీ లేదు.

వరసలో ముందున్న ముసలావిడ "హవ్వ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వెనకాల ఉన్నవాళ్ళు వెనకవాళ్ళకు చెప్పారు. ఆ మాట కట్ట పొడుగునా పాకిపోవడం నాకు కనబడింది.

ముకుంద్ ఆగిపోయాడు.

"ఏమంది?"

ముసలావిడ నోటి మీది కొంగు తీయలేదు.

"రండి అనలేదేం?" అన్నాడు లిఫ్టుతో. "అందరికీ అన్నావు కదా!"

"అనలేదండి," అంది గడ ఎంతో నెమ్మదిగా. గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడే తగ్గించింది.

ఆయన ముఖం ఎర్రబడింది. పెట్టె మీద కూలబడ్డాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని మేఖల మంచినీళ్ళు తెచ్చింది. నవ్వుతున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా మా అత్తగారు నాతో ఇదే మాటండీ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మంచిది నాయనా, వెళ్ళు. అంతే. మిగతా అల్లుళ్ళకు వెళ్ళిరండి. నాకు వెళ్ళు. ఇదే ఆగడం, ఇదే గొంతు. యంత్రం అనదండీ ఇలా. యంత్రానికి చేతకాదు."

లేచి నిలబడి, చట్టప్రకారం గట్టిగా, అందరూ వినేటట్టు చెప్పాడు. "ఈ గడకు తెలుగు వచ్చు. కావలసినదానికన్నా ఎక్కువే వచ్చు. మనసు తీయవలసిన పని లేదు."

జనం చేసిన గోలకు గాజు కిటికీలు అదిరాయి. నేను మాత్రం గడను అందరి ముందూ మందలించాను. గుమ్మంలోకి వచ్చిన మనిషిని, వచ్చిన పని ఏదైనా సరే, అలా పంపకూడదని చెప్పాను. అది "తప్పేనండి," అంది. ఆ మాటలో తప్పు చేసినట్టు లేదు. అది నాకు తెలిసింది. దానికీ తెలుసు, నాకు తెలిసిందని.

"ముకుంద్ గారూ, మంచిది, వెళ్ళిరండి," అని ఇంటి తరఫున నేనే సాగనంపాను.

ఇక జరగవలసినవి:

1. పదమూడో తేదీన కట్టేసిన పడవలు విప్పాలి. మేడలెక్కిన గేదెలు దిగడం లేదని ఫిర్యాదు. ఎక్కించినవాళ్ళే దించుకోవాలి, అది ప్రసార శాఖ పని కాదు.

2. వడియాలు ప్రదర్శన వస్తువులు కావని పై వసారాలో బోర్డు పెట్టాలి. రుచి చూడటానికి వీలు లేదు.

3. అలివేలు గుమ్మంలో ఉండగా నేను వేరే ఆలోచన పెట్టుకోకూడదు.

4. నా ప్రసార అనుమతి సంగతి మండలికి ఇప్పుడు గుర్తు వచ్చింది. అడగడానికి వస్తారు. కాఫీ ఇవ్వాలి. జవాబు మేఖల చెప్పాలి.

5. "వెళ్ళండి"కీ "వెళ్ళిరండి"కీ మధ్య ఉన్న దూరం ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో గడకు పాఠం చెప్పాలి. వాడకూడని సందర్భాలే ఎక్కువ చెప్పాలి.

6. నాకు ఎనభై నాలుగు నిండాయి. రోజూ సాయంత్రం లిఫ్టు దిగుతూ వెళ్ళొస్తానంటాను. గడ "వెళ్ళిరండి" అని పూర్తిగా అనాలి. నా వయసు చూసి ఆ చివరి మాట మింగడానికి వీల్లేదు.